సీసాల మీది చీటీలు

ప్రశ్న: నా వయసు 29 ఏళ్ళు. అయిదేళ్ళుగా ఒక ప్రాస్థెటిక్ మేకప్ (నటుల ముఖం మీద కృత్రిమ ముక్కలు అతికించి రూపం మార్చే పని) వర్క్‌షాపులో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ముఖానికి అచ్చు తీయడం, క్లేతో రూపం చెక్కడం, సిలికాన్ పోయడం, పోసిన ముక్కల అంచులు సరిచేయడం నాకు బాగా వచ్చు. నటుడి ముఖం మీద అతికించే పనిని మాత్రం మా గురువుగారు ఎవరికీ వదలరు. మా వర్క్‌షాపులో సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఈ మధ్య ఒక శిక్షణ సంస్థవారు కొత్తవాళ్ళకు వారాంతాల్లో పాఠాలు చెప్పమని అడిగారు. నాకు ఇష్టమే. కానీ "తెర మీద నీ పేరే ఇంకా పడలేదు, నువ్వెలా నేర్పుతావు?" అని కొందరు, "నేర్పితే రేపు వాళ్ళే నీ పని పట్టుకుపోతారు" అని కొందరు అంటున్నారు. సొంతంగా ఎదగాలంటే నేను ఇప్పుడు ఏం చేయాలి? కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంత పెరిగాక ఈ వృత్తిని నమ్ముకోవచ్చా? ఇంకొక చిన్న సందేహం: ఇంట్లో నా మీద నేనే అతికించి చూసుకునే సిలికాన్ ముక్కలు నోటి మూలల దగ్గరే ఎందుకు లేచిపోతున్నాయి?

– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చాలా ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం ప్రశ్న కాని ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి అన్నారు చూడండి, అక్కడే. మీకు చెప్పవలసినవి చాలావరకు నేను అలాంటి సీసాల దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను పని నేర్చుకున్న చోట అంకెలు కూడా ఉండేవి కావు. కొత్త సీసా రాగానే దాని మీది కాగితాన్ని తడిపి గీకేసేవారు. జిగురు సీసాలకు నీలం పట్టీ, తీసే ద్రవాలకు ఎర్ర పట్టీ చుట్టేవారు. అందులో ఏముందని అడిగితే "అతికించేది", "ఊడదీసేది" అని జవాబు వచ్చేది. సొంతంగా పని మొదలుపెట్టాక నేనూ అదే చేశాను. ఏళ్ళ తరబడి సరుకు పాడుచేసుకుని కనుక్కున్న పాళ్ళు ఎవరో రెండు నెలలు పనిచేసి ఎత్తుకుపోతారేమోనన్న భయం నాకు నిజంగానే ఉండేది. మీ గురువుగారిలో ఉన్నది కూడా బహుశా ఆ భయమే. ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. ఉదయం ఎలాగో నటుడికి మేకప్ పూర్తిచేసి, సాయంత్రం తీసే పనిని నా అసిస్టెంటుకు అప్పగించి వెళ్ళిపోయాను. ఆ రోజు నేను వాడింది సిలికాన్ జాతి జిగురు. దాన్ని కరిగించే ద్రవం వేరు. అంతకుముందు వారమంతా మేము వాడింది నీటితో చేసిన ఎక్రిలిక్ జిగురు, దాని ద్రవం వేరు. రెండు సీసాలకూ ఎర్ర పట్టీయే. ఆ అబ్బాయి చేతికి రెండోది వచ్చింది. జిగురు వదలకపోతే ద్రవం చాలలేదనుకుని ఇంకాస్త పోశాడు, రుద్దాడు, చివరికి లాగాడు. నటుడి చెంప మీద నాలుగు వేళ్ళ వెడల్పున పై చర్మం లేచిపోయింది. ఆయన ఉన్న సన్నివేశాలన్నీ నాలుగు రోజులు ఆగిపోయాయి. ఆ అబ్బాయి ఏడుస్తూ ఫోను చేసి తప్పు తనదేనన్నాడు. తప్పు అతనిది కాదు, ఆ పట్టీ చుట్టిన చేతిది.

జ్వరం తగ్గగానే చేసిన మొదటి పని పట్టీలన్నీ విప్పేసి ప్రతి సీసాకు పెద్ద అక్షరాలతో చీటీ అంటించడం. పేరు, దేనికి వాడాలి, దేనితో తీయాలి, ఎప్పుడు తెరిచాము. ఇప్పటికీ నా దగ్గర చేరినవాళ్ళ మొదటి రోజు పని ఆ చీటీలు చదవడమే.

ఇక "నేర్పితే పని పట్టుకుపోతారు" అన్న మాట. దానికి నేను సొంతంగా వాదించనవసరం లేదు, ఈ వృత్తి చరిత్రే జవాబు చెప్పింది. అమెరికా మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ పేరు మీరు వినే ఉంటారు. దంతవైద్యుడు కావాలనుకుని యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన, మేకప్ మీద ఒక పుస్తకం దొరికి దారి మార్చుకున్నాడు. 1945లో ఎన్‌బీసీ టెలివిజన్‌లో మేకప్ విభాగానికి పెద్ద అయ్యాడు. ఆయనకు కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు లేరు, ఎక్కువభాగం తనంతట తానే చేసి చూసి నేర్చుకున్నాడు. అలా కష్టపడి కనుక్కున్నదాన్ని ఎవరైనా దాచుకుంటారు. ఆయన పంచిపెట్టాడు. 1965లో పిల్లలు ఇంట్లోనే చేసుకోగలిగే వేషాల మీద పుస్తకం వేశాడు. తరువాత వృత్తిలోకి రావాలనుకునేవాళ్ళకు ఇంటి నుంచే చదువుకునే కోర్సు తయారుచేశాడు. ముక్కూ మొహం తెలియని కుర్రవాళ్ళు ఉత్తరాలు రాస్తే వివరంగా జవాబులు రాశాడు. అలా ఉత్తరం రాసినవాళ్ళలో రిక్ బేకర్ ఒకడు. 1973లో వచ్చిన ఎగ్జార్సిస్ట్ సినిమాకు స్మిత్ అతన్ని సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1982లో మేకప్‌కు పోటీ విభాగంగా మొదటిసారి ఇచ్చిన ఆస్కార్ ఆ బేకర్‌కే వచ్చింది, తరువాత మరో ఆరు వచ్చాయి. జపాన్‌లోని క్యోటో నుంచి ఉత్తరం రాసిన కజు హిరో 2018లోనూ 2020లోనూ ఆస్కార్ అందుకున్నాడు. మరి గురువు పని పోయిందా? 1985లో ఆయనకూ ఆస్కార్ వచ్చింది, 2011లో గౌరవ ఆస్కార్ కూడా ఇచ్చారు.

ఇందులో మీకు నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. ఒకప్పుడు ముఖమంతా ఒకే తొడుగుగా పోసి తగిలించేవారు. నటుడు నవ్వితే తొడుగు నవ్వేది కాదు. స్మిత్ నుదురు, కళ్ళకింది సంచులు, ముక్కు, చెంపలు, గడ్డం విడివిడిగా పోసి, ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా అతికించాడు. మొదట దాన్ని తప్పుపట్టినవాళ్ళున్నారు. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్నది అదే. మీ వర్క్‌షాపులో మీరు పోసే ప్రతి చెంప ముక్కా ఆ పద్ధతికి పుట్టినదే. ఆయన దాన్ని దాచుకుని ఉంటే మీకు ఈ ఉద్యోగమే ఉండేది కాదు.

అయితే ఒక గీత గీసుకోండి. మీ గురువుగారు సొంతంగా కనుక్కున్న పాళ్ళను ఆయన అనుమతి లేకుండా మీ తరగతిలో చెప్పకండి. అవి ఆయనవి. మీరు ఇంట్లో, మీ సరుకుతో, మీ పుస్తకంలో రాసుకుని పరీక్షించినవి మీవి, వాటిని పూర్తిగా ఇచ్చేయండి. అలాగే విడుదల కాని సినిమాలోని పాత్ర రూపాన్ని, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా చూపించకండి. దర్శకుడి కథను కాపాడటం వేరు, జిగురు పేరు దాచడం వేరు.

"పేరు పడనిదానివి, నువ్వెలా నేర్పుతావు?" అన్నవాళ్ళకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. అచ్చు తీయడం, పోయడం, అంచులు అయిదేళ్ళుగా మీ చేతి మీదుగా నడుస్తున్నాయి. అవి నేర్పే అర్హత మీకుంది. అతికించడం మీరింకా నేర్చుకుంటున్నారు. కాబట్టి సంస్థవారితో ఆ మాటే చెప్పండి: ముక్క తయారయ్యేదాకా నేను చెబుతాను, అతికించే పాఠానికి అనుభవమున్న ఇంకొకరిని పిలవండి, ఆ రోజు నేను కూడా విద్యార్థుల వరుసలో కూర్చుంటాను అని. దీనివల్ల మీ గౌరవం తగ్గదు. తనకు రానిదాన్ని వచ్చినట్టు చెప్పే ఉపాధ్యాయుల వల్లే మన వృత్తిలోకి సగం చెడు అలవాట్లు వస్తున్నాయి. వాటిని మాన్పించడానికి నాకు ఏళ్ళు పడుతోంది.

నా మొదటి తరగతి గురించి చెబితే మీకు కొంత శ్రమ తప్పుతుంది. పదిహేనుమంది ముందు కూర్చుని చేతి మీద తెగిన గాయం చేసి చూపించాను. అందరూ చక్కగా చేశారు. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. మరుసటి వారం ఒక దెబ్బ తగిలిన కన్ను ఫొటో ఇచ్చి, "ఇది జరిగి అయిదు రోజులైంది, చేయండి" అన్నాను. పదిహేనుమందీ ఎర్ర రంగే తీశారు. వాళ్ళకు నేను నేర్పింది నా గాయాన్ని నకలు చేయడం మాత్రమే. కమిలిన చర్మం మొదట ఎర్రగా ఉంటుందని, ఒకటి రెండు రోజుల్లో నీలం, ఊదా వైపు తిరుగుతుందని, తరువాత ఆకుపచ్చ, చివరికి పసుపు తేలుతుందని, చర్మం కింద చేరిన రక్తం విచ్ఛిన్నమవుతున్నకొద్దీ రంగు అలా మారుతుందని చెప్పనే లేదు. ఆ రోజు నుంచి నా పాఠం గాయంతో మొదలవడం లేదు. "ఏం తగిలింది? ఎటువైపు నుంచి? ఎన్ని గంటలైంది? ఆ మనిషి తరువాత ముఖం కడుక్కున్నాడా?" అని అడుగుతాను. జవాబులు కాగితం మీద రాశాకే రంగుల పెట్టె తెరవనిస్తాను.

మీరు అచ్చులు నేర్పుతారు కాబట్టి మీ మొదటి పాఠం ఊపిరి గురించి కావాలి. ముఖం మీద అచ్చు తీసే మెత్తని ముద్ద, ఆల్జినేట్, పోశాక ఆ మనిషికి కనిపించదు, సరిగా వినిపించదు, మాట్లాడటానికి వీలుండదు. ముక్కు రంధ్రాలు రెండే ఆధారం. ఒక మనిషి పని మొదటి నుంచి చివరిదాకా ఆ రంధ్రాలను చూస్తూ ఉండటమే కావాలి, ఇంకే పనీ అతనికి చెప్పకూడదు. ముక్కులో గొట్టాలు పెట్టే పాత అలవాటును మీ తరగతిలోకి రానివ్వకండి. అవి కదిలితే లోపల గుచ్చుకుంటాయి, చుట్టూ ముక్కు ఆకారమూ చెడుతుంది. జలుబు, ఉబ్బసం, మూసిన చోటంటే భయం ఉన్నాయా అని ముందే అడగాలి. బొటనవేలు పైకెత్తితే బాగున్నట్టు, చెయ్యి ఊపితే వెంటనే తీసేయాలన్నట్టు గుర్తులు కుదుర్చుకోవాలి. చెయ్యి ఊపితే "ఇంకొక్క నిమిషం" అనకూడదు. అచ్చు పోతే ఇంకొకటి తీయవచ్చు. కనుబొమలకు, రెప్పలకు వాజలీన్ రాయడం మరచిపోతే ఏమవుతుందో మీకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ఆల్జినేట్ ఆకారం చెడకుండా పైన వేసే ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందనీ చెప్పండి. పలుచని ప్లాస్టర్ పట్టీకి ఫరవాలేదు కానీ, చేతిని నేరుగా ప్లాస్టర్ బకెట్‌లో ముంచి ఉంచి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ప్లాస్టర్ దుమ్ము, ఎండిన ఫోమును రుద్దినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి మాస్కు ఉండాలి. గాలి ఆడని గదిలో తరగతి పెడతామంటే ఒప్పుకోకండి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. 1939లో వచ్చిన విజర్డ్ ఆఫ్ ఓజ్ సినిమాలో రేకు మనిషి వేషానికి మొదట తీసుకున్న నటుడు బడ్డీ ఎబ్సెన్, ముఖానికి అద్దిన అల్యూమినియం పొడి పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన స్థానంలో జాక్ హేలీ వచ్చాడు, ఆయనకు పొడి బదులు ముద్ద వాడారు. అదే సినిమాలో మంత్రగత్తెగా వేసిన మార్గరెట్ హామిల్టన్‌కు మంటల సన్నివేశంలో ఒళ్ళు కాలినప్పుడు, ఆమె ముఖం మీది ఆకుపచ్చ రంగులో రాగి ఉన్నందువల్ల, అది గాయంలోకి పోకూడదని, కాలిన చర్మం మీద నుంచే దాన్ని తుడవవలసి వచ్చింది. సరుకులో ఏముందో తెలుసుకోవడం నటుడికి మనం పడిన బాకీ. కొత్తవాళ్ళు మొదటి వారంలోనే ఈ కథలు వినాలి. ముంజేతి లోపలివైపు జిగురు చుక్క పెట్టి 24 గంటలు ఆగి చూసే పరీక్షను విసుగు లేకుండా చేయడం వాళ్ళకు అప్పుడే అలవాటవుతుంది.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. చెడిపోయిన ముక్కలను పారేయకండి. నా గదిలో ఒక బల్ల నిండా అవే ఉంటాయి. గట్టిపడక జిగటగా మిగిలిన ముక్కు ఒకటి ఉంది. గంధకం కలిసిన క్లే మీద ప్లాటినం సిలికాన్ (ప్లాటినం సాయంతో గట్టిపడే రకం) పోస్తే అది గట్టిపడదని నాకు ఆ ముక్కే నేర్పింది, అదీ తెల్లవారితే షూటింగ్ అనగా. లేటెక్స్ చేతితొడుగులు వేసుకుని కలిపినా అంతే. గాలి బుడగలతో తూట్లు పడిన నుదురు ఉంది. పొయ్యిలో తొందరపడి వేడి పెంచితే పగిలిపోయిన ఫోమ్ లేటెక్స్ గడ్డం ఉంది. లైట్ల వేడికి, చెమటకు కరిగి జారిన జెలటిన్ చెంప ఉంది. ఒక్కో ముక్క పక్కన ఏం జరిగిందో రాసిన చీటీ. విద్యార్థులు నా మంచి పనుల ఫొటోల దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే ఈ బల్ల దగ్గర గంట నిలబడతారు. మీకూ అయిదేళ్ళ బల్ల ఉండే ఉంటుంది. మీ పాఠ్యపుస్తకం అదే.

ఇప్పుడు మీ సొంత ఎదుగుదల. మీకు కొరవడినవి ముఖాలు. సిలికాన్ ఎంత బాగా పోసినా, పక్క మనిషి చర్మం మీద దాని అంచు మాయం చేయడం చేతికి రాకపోతే సెట్‌లో మీకంటూ కుర్చీ దొరకదు. మీ మీద మీరే అతికించుకోవడం మంచిదే కానీ అది అద్దంలో చేసే పని, రెండు చేతులూ సరిగా ఆడవు. ఇంట్లోవాళ్ళను, స్నేహితులను కూర్చోబెట్టండి. జుట్టును కప్పి తలను బట్టతలగా చూపించే పలుచని టోపీని వారానికి ఒకటి అతికించండి. చూడటానికి చిన్న పనే, కానీ అంచు, జిగురు, రంగు, మెడ కదలిక అన్నీ అందులో పరీక్షకు వస్తాయి. యాభై అతికించేసరికి మీ చెయ్యి వేరే చెయ్యి అయిపోతుంది. గురువుగారిని "నాకు నటుడి ముఖం ఇవ్వండి" అని అడగకండి. "వెనక వరుసలో నిలబడేవాళ్ళ గాయాలు నేను చేస్తాను, మీరు చూసి సరిదిద్దండి" అని అడగండి. వెనక వరుస ముప్ఫైమంది ఉంటారు. రెండు గంటల్లో ముప్ఫై ముఖాలు చేయడమంత చదువు ఇంకెక్కడా లేదు. సినిమా చదువుకునే విద్యార్థుల పొట్టి చిత్రాలకు కూడా పని చేయండి. డబ్బు తక్కువైనా సరుకు ఖర్చు మాత్రం వాళ్ళనే పెట్టుకోమనండి.

ఫొటోల విషయంలో కఠినంగా ఉండండి. ముందు వెలుతురులో తీసిన ఫొటో ఏ అంచునైనా దాస్తుంది. పక్క నుంచి లైటు పెట్టి, రంగులు దిద్దకుండా తీయండి. అతికించిన వెంటనే ఒకటి, ఆరు గంటల తరువాత ఒకటి. మీ పని చూసి మిమ్మల్ని తీసుకోవాలనుకునే పెద్ద మేకప్ కళాకారులు మొదట చూసేది ఆ రెండో ఫొటోనే. చెక్కిన క్లే, అచ్చు, పోసిన ముక్క, అతికించిన ముఖం వరుసగా పెడితే ఆ పని మీదేనని ఎవరూ అనుమానించరు. వర్క్‌షాపులో నలుగురు చేసినదైతే అందులో మీ వంతు ఎంతో రాయండి.

తరువాతిది లెక్క. మంచి చెయ్యి ఉండి కూడా నిలదొక్కుకోలేకపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను, దాదాపు అందరినీ పడగొట్టింది లెక్కే. పల్చటి అంచున్న సిలికాన్ ముక్క ఒక్క రోజుకే. సాయంత్రం తీసేటప్పుడు ఆ అంచు చిరుగుతుంది. పాత్రకు 20 రోజుల షూటింగ్ ఉంటే ముఖానికి కావలసిన ముక్కలన్నీ కలిపి 20 సెట్లు కావాలి, చెడిపోయేవాటికి మరో అయిదు. ముఖం ఆరు ముక్కలైతే మొత్తం 150 ముక్కలు. అచ్చులు ఎన్ని ఉన్నాయి, ఒక్కోదానిలో సిలికాన్ గట్టిపడటానికి ఎంతసేపు, పోసిన ప్రతిదానికీ లోపలి రంగు ఒకేలా కలుస్తోందా? కెమెరా ఉదయం 7 గంటలకు తిరగాలంటే, మూడు గంటల మేకప్ ఉన్న నటుడు 4 గంటలకు కుర్చీలో ఉండాలి, మీరు 3 గంటలకు బల్ల సర్దుకోవాలి. సాయంత్రం తీయడానికి కనీసం ముప్పావుగంట. ఆ ముప్పావుగంటను షెడ్యూలులో ముందే రాయించండి, లేకపోతే అందరూ అలసిపోయిన వేళ నటుడి చర్మం మీద తొందర పడతారు. స్క్రిప్టు చేతికి రాగానే ఆ పాత్ర కనిపించే సన్నివేశాలన్నీ పట్టికగా రాసుకుని, ఏ గాయం ఏ రోజు ఏ దశలో ఉందో గుర్తించండి. సినిమాను వరుసగా తీయరు కాబట్టి అయిదో రోజు గాయం మొదటి రోజే తీయవలసి వస్తుంది. ఛాయాగ్రాహకుడితో ముందే కెమెరా పరీక్ష చేయించుకోండి. గదిలోని లైటు కింద సరిగా కుదిరిన రంగు ఆయన లైటు కింద బూడిదలా కనిపించవచ్చు.

కాదనడం కూడా నేర్చుకోవాలి. మన పని ముఖానికి చేర్చడమే, తీసేయడం కాదు. ముసలితనంలో కణతలు లోపలికి పోతాయి, చెంపలు జారతాయి, చెవులు, ముక్కు పెద్దవిగా కనిపిస్తాయి. గుండ్రటి ముఖమున్న నటుడిని బక్కచిక్కిన ముసలివాడిగా చేయమంటే, చేర్చినకొద్దీ ఇంకా లావవుతాడు. అప్పుడు నీడలతో, జుట్టుతో, దుస్తులతో ఎంతవరకు సాధ్యమో అంతే చెప్పండి. కుదరనిదాన్ని ఒప్పుకుని వచ్చిన మొదటి పెద్ద అవకాశం, చాలామందికి చివరిది కూడా అయింది.

గ్రాఫిక్స్ గురించి ఎక్కువ చెప్పను. పోటీ అనుకుంటే భయం, పనిముట్టు అనుకుంటే సాయం. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి తలను దూదితో, ఆరితే పొరలా గట్టిపడే కొలోడియన్ ద్రవంతో రోజూ గంటల తరబడి కట్టిన జాక్ పియర్స్ ఎంత గొప్పవాడో చెప్పనక్కరలేదు. ఫోమ్ రబ్బరు ముక్కలు వచ్చాక ఆయన పద్ధతి నెమ్మదిగా అనిపించింది, 1940ల మధ్యలో స్టూడియో ఆయనను పంపేసింది. ఆయన పట్ల జరిగింది అన్యాయమనే నేను అనుకుంటాను, కానీ అందులో మనం చూసుకోవలసింది కూడా ఉంది. 2022లో వచ్చిన వేల్ సినిమాకు ఆడ్రియన్ మోరో నటుడి ముఖాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో చెక్కి, త్రీడీ ప్రింటర్‌తో అచ్చులు చేయించాడు. ఆ మేకప్‌కు ఆస్కార్ వచ్చింది. అయినా చివరికి ఆ సిలికాన్‌ను రోజూ మనుషులే అతికించారు, మనుషులే తీశారు. డిజిటల్‌గా చెక్కడం నేర్చుకోండి. నేర్చుకున్నాక మీ పాత చదువు కొత్తగా పనికొస్తుంది: ప్రింటర్ రెజిన్ సరిగా ఆరకపోతే అది కూడా గంధకపు క్లే లాగానే ప్లాటినం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. కంప్యూటర్ మాత్రమే తెలిసినవాళ్ళు ఆ జిగటను చూసి బిత్తరపోతారు. మీరు బిత్తరపోరు.

ఇక నోటి మూలలు. మూడు కారణాలు చూడండి. ఒకటి, ముక్క అంచు ఎక్కడ ముగుస్తోంది? పెదవి చివర చెంప మధ్యలో ముగిస్తే నవ్విన ప్రతిసారీ ఆ అంచు మడతపడి లేస్తుంది. చెక్కేటప్పుడే దాన్ని పెదవి గీత మీదికి గానీ, నవ్వితే పడే మడత దాటి అవతలికి గానీ తీసుకెళ్ళండి. రెండు, మీరు నోరు మూసి అతికించుకుంటున్నారేమో. ముక్కను మధ్య నుంచి బయటికి అతికిస్తూ వచ్చి, నోటి దగ్గరికి రాగానే నోరు బాగా తెరిచి, చర్మం సాగి ఉండగా జిగురు రాయండి. లేకపోతే ముడతల లోపల జిగురు చేరని చర్మం మిగిలిపోతుంది, మొదటి ఆవలింతకు అక్కడే వదులుతుంది. జిగురు పలుచగా రాసి, తడి ఆరాకే నొక్కండి. మూడు, తడి, నూనె. అతికించే ముందు ఆ చోటు ఆల్కహాల్‌తో తుడిచారా? తిన్న తరువాత పెదవుల మూలలు చూసుకున్నారా? భోజనం చేసేటప్పుడు నటులకు తిండిని చిన్న ముక్కలుగా చేసి, పొడవు చెంచా ఇచ్చి, తిన్నాక తుడవకుండా మెత్తని కాగితంతో అద్దమని చెబుతాము. ఆ వెంటనే సన్నని కుంచెతో మూలల కింద ఒక చుక్క జిగురు వేసి నొక్కి ఉంచితే సాయంత్రం దాకా నిలుస్తుంది. ఈ మూడూ ఒకేసారి మార్చకండి, ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఏది పనిచేసిందో సీసా చీటీ మీద కాదు, పుస్తకంలో రాసుకోండి. ఆ పేజీ ఫొటో నాకు పంపితే మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.